తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టిందెవరు?

2016 జూలై 4న ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఆటగాడు కెవిన్ డ్యూరాంట్ ఓక్లహోమా సిటీ థండర్‌ను వదిలి గోల్డెన్ స్టేట్ వారియర్స్‌కు వెళ్తున్నానని ప్రకటించాడు. వెంటనే ఓక్లహోమాలో అతని 35వ నంబరు చొక్కాలకు నిప్పు పెట్టారు. మరుసటి ఫిబ్రవరిలో అతను కొత్త జట్టుతో ఆ ఊరికి ఆడటానికి వస్తే, మెత్తనివాడని వెక్కిరించడానికి జనం కప్‌కేక్ బొమ్మల టీషర్టులు తొడుక్కొచ్చారు. ద్రోహి, పిరికివాడు, తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టినవాడు. ఇన్నేళ్లయినా ఈ తిట్ల పదును తగ్గలేదు. ఏ పెద్ద ఆటగాడి ఒప్పందం ముగింపుకొచ్చి, స్వేచ్ఛగా జట్టు మారే ఫ్రీ ఏజెన్సీ దగ్గరపడుతున్నా అదే పాత పంచాయితీ మొదలవుతుంది. వీడికి విశ్వాసం ఉందా, లేక వీడూ డ్యూరాంటేనా?

నేను చెప్పేది ఒకటే. ఆ మొత్తం వ్యవహారంలో ఒప్పుకున్నది అక్షరాలా పూర్తిచేసినవాడు డ్యూరాంట్. వాసాలు లెక్కపెట్టినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు వేసుకునేవి కోట్లు. వాటి వీపు మీద నంబర్లుండవు కాబట్టి ఎవరికీ తగలబెట్టాలని తోచలేదు.

అసలతను ఓక్లహోమాకు ఎలా వచ్చాడు? తనంతట తాను రాలేదు. 2007 డ్రాఫ్టులో అతన్ని రెండో ఎంపికగా తీసుకున్నది సియాటిల్ సూపర్‌సానిక్స్. డ్రాఫ్టంటే పందొమ్మిదేళ్ల కుర్రాడు ఏ ఊళ్లో బతకాలో, ఎవరి కింద పనిచేయాలో, ఎంత జీతానికి ఒప్పుకోవాలో యజమానులు వంతులవారీగా తేల్చేసుకునే తంతు. కుర్రాడు చేయాల్సిందల్లా ఇచ్చిన టోపీ పెట్టుకుని ఫొటోకు నవ్వడం. డ్యూరాంటూ నవ్వాడు. సియాటిల్ వెళ్లాడు. మొదటి ఏడాదే లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. ఆ బహుమతి అందుకున్న రెండు నెలలకే ఆ ఊరికి జట్టు లేకుండా పోయింది.

ఆ పోవడం ఎలా జరిగిందో వివరంగా చెప్పుకోవాల్సిందే. సూపర్‌సానిక్స్ 1967లో పుట్టిన జట్టు, 1979లో ఛాంపియన్. స్టార్‌బక్స్ అధిపతి హోవర్డ్ షుల్ట్జ్ మైదానం కోసం ప్రభుత్వ సొమ్ము రాబట్టలేక, 2006లో క్లే బెన్నెట్ నాయకత్వంలోని ఓక్లహోమా వ్యాపారుల బృందానికి 35 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. జట్టును సియాటిల్‌లోనే ఉంచడానికి చిత్తశుద్ధితో ప్రయత్నిస్తామని కొన్నవాళ్లు మాటిచ్చారు. ఓక్లహోమా వాళ్లు అంత సొమ్ము పోసి జట్టును కొన్నది సియాటిల్ వాళ్లను సంతోషపెట్టడానికట! ఏడాది తిరిగిందో లేదో, ఆ బృందంలోని ఆబ్రీ మెక్‌క్లెండన్ సొంతూరి పత్రిక దగ్గర నోరు జారాడు. సియాటిల్‌లో ఉంచడానికి కొనలేదని చెప్పేశాడు. లీగ్ అతనికి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. అబద్ధపు హామీకి శిక్ష లేదు, నిజం చెప్పినందుకు పడింది. కీ అరీనా లీజు ఇంకా రెండేళ్లు మిగిలి ఉందని నగరం కోర్టుకెక్కితే, 2008 జూలైలో నాలుగున్నర కోట్ల డాలర్లు కట్టి బయటపడ్డారు. జట్టు ఓక్లహోమాకు పోయి థండర్ అయింది. పేరు, రంగులు మాత్రం సియాటిల్‌కు వదిలేశారు. నలభై ఒక్క ఏళ్లు టికెట్లు కొన్న ఊరికి చివరికి దక్కింది ఆ పేరూ, ఆ రంగులే.

అంటే ఓక్లహోమాలో చొక్కాలు తగలబెట్టినవాళ్లు విశ్వాసం గురించి ఉపన్యసించింది, మరో ఊరి నుంచి లేపుకొచ్చిన జట్టు తరఫున! జట్టు ఊరు మారితే దానికి వ్యాపార నిర్ణయమని గౌరవమైన పేరుంది. ఆటగాడు ఊరు మారితే ద్రోహం.

హైదరాబాద్ క్రికెట్ అభిమానికి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ 2012 తర్వాత లేనే లేదు. ఉప్పల్లో గొంతు చించుకున్నవాడిని ఎవరైనా ఒక్క మాట అడిగారా? 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ను 2021లో నడి సీజన్లో కెప్టెన్సీ నుంచి దించి, తర్వాత జట్టులోంచే తప్పించారు. అప్పుడు విశ్వాసం మాటెత్తిన యాజమాన్యం ఏదీ?

డ్యూరాంట్ దగ్గరికి వద్దాం. 2010 జూలై 8న లెబ్రాన్ జేమ్స్ టీవీలో గంటసేపు తతంగం నడిపి క్లీవ్‌లాండ్‌ను వదిలేశాడు. దానికి ఒక్కరోజు ముందు డ్యూరాంట్ ట్విట్టర్‌లో నాలుగు ముక్కలు రాసి, థండర్‌తో ఐదేళ్ల పొడిగింపుకు ఒప్పుకున్నాడు. సుమారు 8.6 కోట్ల డాలర్లు. మధ్యలో బయటికి వచ్చే వెసులుబాటు కూడా ఆ ఒప్పందంలో లేదు. అతని స్థాయి ఆటగాడు అడిగితే ఇవ్వకుండా ఉండేవాళ్లా? ఆ ఏడాది అమెరికా పత్రికలన్నీ వినయమంటే డ్యూరాంట్‌ది అని మెచ్చుకున్నాయి. 2012లో జట్టును ఫైనల్‌కు తీసుకెళ్లాడు. 2014లో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఒప్పందం చివరి రోజు వరకూ ఆడాడు. ఆ తర్వాత, చట్టం తనకిచ్చిన హక్కుతో, తనకు నచ్చిన చోట ఉద్యోగంలో చేరాడు. తొమ్మిదేళ్ల వృత్తి జీవితంలో తన పనిచోటును తాను ఎంచుకోవడం అతనికదే మొదటిసారి.

ఆ హక్కు యజమానులు దయతలచి ఇచ్చింది కూడా కాదు. స్పెన్సర్ హేవుడ్ కాలేజీ గడువు పూర్తికాకుండానే ఆడే హక్కు కోసం 1971లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. అతనప్పుడు ఆడుతున్నది సియాటిల్‌కే. ఆస్కార్ రాబర్ట్‌సన్ ఆటగాళ్ల సంఘం తరఫున 1970లో వేసిన దావా ఆరేళ్లు నడిచి 1976లో రాజీకి వచ్చింది. అప్పటిదాకా ఒప్పందం ముగిసినా ఆటగాడు పాత జట్టు గుప్పిట్లోనే ఉండేవాడు. పూర్తి స్వేచ్ఛతో జట్టు మారిన తొలి ఆటగాడు టామ్ ఛాంబర్స్. 1988లో అతను ఫీనిక్స్‌కు వెళ్లిపోయింది కూడా సియాటిల్ నుంచే. ఇంతమంది కోర్టుల చుట్టూ తిరిగి సంపాదించిన హక్కును ఒక మనిషి వాడుకుంటే, అది అతని గుణానికి మచ్చ ఎలా అవుతుంది?

ఓక్లహోమా యాజమాన్యం తనవరకు వచ్చినప్పుడు ఏం చేసిందో చూడండి. డ్యూరాంట్, రసెల్ వెస్ట్‌బ్రూక్, జేమ్స్ హార్డెన్ ముగ్గురూ ఒకే జట్టులో ఉన్నారు. ముగ్గురూ తర్వాత వేర్వేరు ఏళ్లలో లీగ్ అత్యుత్తమ ఆటగాళ్లయ్యారు. ఫైనల్ ఆడి నాలుగు నెలలు గడిచాయో లేదో, 2012 అక్టోబరులో హార్డెన్‌ను హ్యూస్టన్‌కు అమ్మేశారు. అతను అడిగిన దానికీ వీళ్లు ఇస్తామన్న దానికీ ఉన్న తేడా నాలుగేళ్లకు కొన్ని మిలియన్ల డాలర్లు. జీతాలు పరిమితి దాటితే లీగ్‌కు కట్టాల్సిన పన్ను భారమని లెక్క చెప్పారు. ఇరవై నాలుగేళ్ల డ్యూరాంట్ ఆ రోజు ఆ ఇంట్లో నేర్చుకున్న పాఠం ఏమై ఉంటుంది? ఇక్కడ డబ్బు లెక్క ముందు, స్నేహం తర్వాత అనే కదా. నాలుగేళ్ల తర్వాత శిష్యుడు ఆ పాఠం అప్పజెప్పేసరికి గురువుకు కోపం వచ్చింది.

"సరే, వెళ్తే వెళ్లాడు, 73 మ్యాచులు గెలిచిన జట్టులోకే వెళ్లాలా? అదే ఏడాది ప్లేఆఫ్స్‌లో థండర్ మీద 3-1తో వెనకబడి కూడా గెలిచిన జట్టులోకే వెళ్లాలా?" అంటారు. ఈ ప్రశ్నలో కాస్త న్యాయం ఉంది. వారియర్స్ గెలిచిన 2017, 2018 ఫైనల్స్ నాకూ రుచించలేదు. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన ఆట చూడటం శిక్ష. అయితే ఆ తలుపు తీసింది డ్యూరాంట్ కాదు. లీగ్ 2400 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం కుదుర్చుకుంటే, జట్ల జీతాల గరిష్ఠ పరిమితి ఒక్క వేసవిలో 7 కోట్ల నుంచి 9.4 కోట్లకు ఎగిరింది. నెమ్మదిగా పెంచుదామన్న ప్రతిపాదనకు ఆటగాళ్ల సంఘం ఒప్పుకోలేదు. ఇలాంటి ఎగురుడు లేకపోతే ముగ్గురు స్టార్లున్న జట్టుకు నాలుగో స్టార్ జీతం ఇచ్చే చోటే ఉండేది కాదు. పైగా ఒక్కో ఆటగాడి జీతానికి గరిష్ఠ పరిమితి పెట్టింది 1999లో యజమానులే. ఎక్కడికెళ్లినా దాదాపు అంతే జీతమైనప్పుడు, మనిషి మంచి సహచరులున్న చోటికి వెళ్లడా? ధరకు మూత బిగించి, సరుకు వేరే కొట్టుకు పోయిందని ఏడిస్తే ఎలా!

ఇంకో మాట. 2019 ఫైనల్లో పిక్క గాయంతో నెలరోజులు కూర్చున్న డ్యూరాంట్, వారియర్స్ ఓటమి అంచున ఉందని మైదానంలోకి వచ్చి మడమ దగ్గర అకిలీస్ టెండన్ తెంపుకున్నాడు. తర్వాతి సీజన్ మొత్తం పోయింది. మెత్తనివాడట.

అతన్ని నేను దేవుణ్ని చేయడం లేదు. వారియర్స్ తర్వాత చేరిన బ్రూక్లిన్‌తో 2021లో నాలుగేళ్ల పొడిగింపుకు సంతకం చేసి, ఆ పొడిగింపు అమల్లోకి వచ్చే లోపే 2022లో నన్ను అమ్మేయండని అడిగాడు. అది తప్పే, ఎన్ని తిట్లయినా తిట్టండి. ఒప్పందం తెంచుకోవడం వేరు, ఒప్పందం ముగిశాక వెళ్లడం వేరు. జనం మాత్రం తిట్టాల్సిన దానికి ఊరుకుని, తిట్టకూడని దానికి చొక్కాలు కాల్చారు.

ఇక డ్యూరాంట్ పోయాక థండర్ ఏం చేసింది? నా అసలు కోపం ఇక్కడుంది. జనరల్ మేనేజర్ శామ్ ప్రెస్టి ముందు రెండు దారులున్నాయి. ఉన్నవాళ్లతో పోరాడుతూ జట్టును మరమ్మతు చేసుకోవడం ఒకటి. అన్నీ అమ్మి, కొన్నేళ్లు ఓడి, డ్రాఫ్టులో పై ఎంపికలు పోగేసుకోవడం మరొకటి. మొదట మొదటి దారే పట్టాడు, నమస్కరిస్తాను. వెస్ట్‌బ్రూక్ ఆ వేసవిలోనే ఒప్పందం పొడిగించుకుని, ఒంటిచేత్తో జట్టును లాగి, 2017లో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. సెర్జ్ ఇబాకాను అమ్మి తెచ్చుకున్న విక్టర్ ఒలాడీపో, డొమంటాస్ సబోనిస్‌లను ఇచ్చి పాల్ జార్జ్‌ను తెచ్చారు. వరుసగా మూడేళ్లు ప్లేఆఫ్స్ మొదటి రౌండ్లోనే ఓడారు. ఓడితే ఓడారు, గెలవడానికి ఆడి ఓడారు.

2019లో పాల్ జార్జ్ క్లిప్పర్స్‌కు పంపమన్నాడు. ఏడాది కిందటే నాలుగేళ్లకు సంతకం చేసిన మనిషి! ప్రెస్టి ఆ అవసరాన్ని పట్టుకుని క్లిప్పర్స్‌ను పిండేశాడు. షే గిల్జస్-అలెగ్జాండర్, డానిలో గాలినారి, వీళ్లతోపాటు ఐదు మొదటి రౌండ్ ఎంపికలు, రెండు మార్పిడి హక్కులు. వెస్ట్‌బ్రూక్ హ్యూస్టన్‌కు వెళ్లి క్రిస్ పాల్ వచ్చాడు. అందరూ అట్టడుగుకు పోతుందన్న ఆ 2019-20 జట్టు 44 గెలిచి 28 ఓడింది. ప్లేఆఫ్స్‌లో ఏడో మ్యాచ్ దాకా పోరాడింది. ముసలి క్రిస్ పాల్, కుర్ర షే, ఏ జట్టూ డ్రాఫ్టు చేయని లు డార్ట్ కలిసి ఆడుతుంటే చూసిన అభిమాని ఎవడూ మరిచిపోడు.

ఆ జట్టును కొన్ని నెలల్లో విప్పి ముక్కలుగా అమ్మేశారు. క్రిస్ పాల్ ఫీనిక్స్‌కు, స్టీవెన్ ఆడమ్స్ న్యూ ఆర్లియన్స్‌కు, డెన్నిస్ ష్రూడర్ లేకర్స్‌కు. తర్వాతి సీజన్ 22 గెలుపులు, 50 ఓటములు. అల్ హార్‌ఫర్డ్‌కు ఏ గాయమూ లేదు. 28 మ్యాచులాడాక, కుర్రాళ్లకు అవకాశమంటూ మార్చి చివర నుంచి అతన్ని కూర్చోబెట్టారు. ఆ మరుసటి ఏడాది 24-58. 2021 డిసెంబరు 2న మెంఫిస్ చేతిలో 152-79. 73 పాయింట్ల తేడా, లీగ్ చరిత్రలోనే అతి పెద్ద ఓటమి. ఆ రాత్రి షే గాయంతో లేడు. ఉన్న కుర్రాళ్లు చేతనైనంత ఆడారు, వాళ్లను నేను ఏమీ అనను. అలాంటి జట్టును మైదానంలోకి దింపినవాళ్లనే అంటున్నాను.

గెలవకూడదని ముందే నిర్ణయించుకున్న జట్టు టికెట్లు అమ్ముకోవడాన్ని ఏమనాలి? సినిమా హాలు వాడు రీళ్లలో సగం దాచి పూర్తి టికెట్టు వసూలు చేస్తే మనవాళ్లు కుర్చీలు చింపేవాళ్లు. ఇక్కడ దాన్ని రీబిల్డింగ్ అంటారు, ఓపిక పట్టండి అంటారు. అప్పటి నిబంధనల ప్రకారం డ్రాఫ్టు లాటరీలో, చివరి మూడు స్థానాల్లో నిలిచిన జట్లకు మొదటి ఎంపిక దక్కే అవకాశం తలా 14 శాతం. ఓటమికి లీగే లాటరీ టికెట్లు పంచిపెడుతుంటే, ఓడాలని ఆశపడని మేనేజరెవరు? 2018లో డాలస్ యజమాని మార్క్ క్యూబన్, ఈ ఏడాది ఓడటమే మనకు మేలని తన ఆటగాళ్లకు చెప్పానని బయటపెట్టాడు. ఆరు లక్షల డాలర్ల జరిమానా. మెక్‌క్లెండన్ నేరమే ఇతనిదీ. చేసే పని చేసుకోవచ్చు, పైకి అనకూడదు. ఆటగాడి విషయానికొస్తే అదే లీగ్ 2023 నుంచి 65 మ్యాచులు ఆడకపోతే పెద్ద బహుమతులకు అర్హత లేదంది. ఆటగాడు విశ్రాంతి తీసుకుంటే ప్రేక్షకుడికి మోసమట. జట్టు జట్టంతా ఏడాదిపాటు విశ్రాంతి తీసుకుంటే?

"కానీ గెలిచారుగా!" గెలిచారు. 68 విజయాలతో సీజన్ ముగించి, 2025 జూన్ 22న ఇండియానాను ఏడో మ్యాచులో ఓడించి కప్పు ఎత్తారు. షే లీగ్, ఫైనల్స్ అత్యుత్తమ ఆటగాడి బహుమతులు రెండూ తీసుకున్నాడు. క్లిప్పర్స్ ఇచ్చిన ఎంపికల్లో ఒకటి జేలెన్ విలియమ్స్ అయింది. ప్రెస్టి బుర్రను నేనేమీ తక్కువ చేయను. ఒకటే గమనించండి. ఆ కప్పుకు పునాది షే. షే ఓడి సంపాదించిన ఎంపిక కాదు, పాల్ జార్జ్‌కు బదులు వచ్చినవాడు. విలియమ్స్ వచ్చింది 12వ ఎంపికతో. డార్ట్‌ను అసలు ఎవరూ డ్రాఫ్టే చేయలేదు. ఓటములు నేరుగా తెచ్చిపెట్టినవాడు, 2022లో రెండో ఎంపికగా వచ్చిన చెట్ హోమ్‌గ్రెన్. మంచి ఆటగాడే. అతని కోసం రెండు సీజన్ల అబద్ధపు ఆట అవసరమా అన్నది నా ప్రశ్న. ఇదే మంత్రం జపించిన ఫిలడెల్ఫియా 2015-16లో 10 గెలిచి 72 ఓడింది. ఆ తర్వాత 2025 దాకా కాన్ఫరెన్స్ ఫైనల్ గడప కూడా తొక్కలేదు. గెలిచిన ఒక్క జట్టును చూపించి, ఓడుతూనే ఉన్న అరడజను ఊళ్లకు ఓపిక బోధించడం లాటరీ కొట్టువాడి తెలివి.

డాలస్ చుట్టుపక్కల, ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోలలో ఉండే మన తెలుగువాళ్లకు 2025 ఫిబ్రవరిలో కళ్లు తెరుచుకుని ఉండాలి. లూకా డాంచిచ్ అప్పటికి ఏడు నెలల కిందటే జట్టును ఫైనల్‌కు తీసుకెళ్లినవాడు. పాతికేళ్లవాడు. అతను ఎక్కడికీ పంపమని అడగలేదు. ఒక అర్ధరాత్రి లేకర్స్‌కు అమ్మేశారు. డాలస్‌లోనే ఉండుంటే ఆ వేసవిలో 34.5 కోట్ల డాలర్ల ఒప్పందానికి అర్హుడయ్యేవాడు. ఆ అర్హత కూడా పోయింది. డాలస్ జనం రోడ్డెక్కారు, మేనేజర్ పేరు పెట్టి నినాదాలిచ్చారు, చివరికి నవంబరులో అతని ఉద్యోగం ఊడింది. తిట్టాల్సినవాణ్ని సరిగ్గా గుర్తుపట్టి తిట్టారు. నిజానికి డ్యూరాంట్‌ను ద్రోహి అనే మన కుర్రాళ్లలో ఎంతమంది మెరుగైన ఆఫర్ వచ్చిన రోజున పాత కంపెనీ కోసం ఆగిపోయారు? ఆగనక్కర్లేదు కూడా. మనకు చెల్లే న్యాయం ఆరడుగుల పదకొండు అంగుళాలవాడికి ఎందుకు చెల్లదు?

ఊరి విశ్వాసం మాత్రం నిజమైనది, దాన్ని నేను వెక్కిరించను. 2023 డిసెంబరులో ఓక్లహోమా సిటీ ఓటర్లు 71 శాతం మంది, తాము కొనే సరుకుల మీద ఒక శాతం పన్ను ఆరేళ్లపాటు కట్టి థండర్‌కు కొత్త మైదానం కట్టిస్తామని ఒప్పుకున్నారు. కనీసం 90 కోట్ల డాలర్ల ఖర్చు. అందులో యజమానులు పెట్టేది 5 కోట్లు. 35 కోట్లకు కొన్న ఆస్తి ఇప్పుడు 300 కోట్ల డాలర్లు దాటిపోయిన మహానుభావులు వాళ్లు. బదులుగా కొత్త మైదానంలో కనీసం పాతికేళ్లు ఉంటామని జట్టు రాసిచ్చింది. సంతోషం. లీజు సియాటిల్ దగ్గర కూడా ఉండేది.

ఇప్పుడు షే, విలియమ్స్, హోమ్‌గ్రెన్ ముగ్గురికీ 2025 వేసవిలో భారీ ఒప్పందాలు రాసిచ్చారు. షేకు ఒక్కడికే నాలుగేళ్లకు 28.5 కోట్లు. ఇవి అమల్లోకి వస్తుంటే ఎవరినో ఒకరిని వదులుకోక తప్పదు. హార్డెన్ రోజుల పన్ను కంటే ఇప్పటి నిబంధనలు చాలా కఠినం. లు డార్ట్ 2019 నుంచి అక్కడే ఉన్నాడు. 22-50 చూశాడు, 24-58 చూశాడు, కప్పూ ఎత్తాడు. అతని ఒప్పందంలో చివరిదైన 2026-27 సీజన్‌కు ఉంచుకోవాలా, వదిలేయాలా అని ఎంచుకునే హక్కు జట్టుకే రాసి ఉంది. డార్ట్ ఉంటానన్నా చెల్లదు, వెళ్తానన్నా చెల్లదు. వద్దనుకుంటే వాళ్లు ఒక ప్రకటన ఇస్తారు, అతని సేవలకు కృతజ్ఞతలు చెబుతారు, టీవీలో విశ్లేషకులు ప్రెస్టి ముందుచూపును పొగుడుతారు. విశ్వాసం గురించి ఆ రోజు ఎవరైనా ఒక్క మాట మాట్లాడితే నాకు చెప్పండి.